చింతపండు నీళ్లకు దారి విడిచిన నురగ

2003 ఎండాకాలం. బెళుగుప్ప దాటి మట్టిరోడ్డు మీద నాలుగు మైళ్లు పోతే నారాయణప్ప చీనీ తోట, అంటే బత్తాయి తోట, వస్తాది. వరసగా వానల్లేని ఏండ్లు అవి. బావులు ఎండినాయి, ఉన్న బోర్లు ఎండినాయి, ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి చెట్ల మొదళ్లు తడుపుకుంటాన్నారు జనం. నేను ఆ తోటకు పోయింది చెట్లను చూసేదానికి గాదు. నా చేతుల్తో నేను చేసిన నురగ ఎట్ల పనిచేస్తాదో చూసేదానికి పోయినాను.

నా పేరు సరోజ. పామిడిలో మాది సబ్బుల షెడ్డు. మా నాయన పెట్టింది. ఆయన పోయినాక ఇరవై ఆరేండ్లు నేనే నడిపినాను. ముందు బట్టల సబ్బు చేసేవాళ్లం. పెద్ద కంపెనీల పొడి ప్యాకెట్లు ప్రతి చిల్లరంగడికీ వచ్చినాక మా సబ్బును అడిగేవాళ్లు తగ్గిపోయినారు. షెడ్డు మూసేద్దామా అనుకుంటాంటే బోరు లారీలవాళ్లు వచ్చి అడిగినారు, నురగ బాగా వచ్చే సబ్బునీళ్లు చేసిస్తావా అని. బోరుకు సబ్బు ఏంటికి అని చానామంది నన్ను అడిగినారు. చెప్తాను.

బోరు వేసేటప్పుడు అడుగున రాయిని కొట్టేదాన్ని హేమర్ అంటారు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఆ హేమర్‌ను ఆడిస్తాది, కొట్టిన రాతిపొడిని పైకి ఊదేస్తాది. రాయి పొడిగా ఉన్నంతసేపు బాధ లేదు. కొంచెం చెమ్మ తగిలిందంటే ఆ పొడి పిండిముద్ద మాదిరి అయిపోయి హేమర్‌ను పట్టుకుంటాది. అప్పుడు గాలితోపాటు సబ్బునీళ్లు లోపలికి తోస్తారు. లోపల నురగ పుట్టి, ఆ ముద్దను ఎత్తుకోని పైకి వస్తాది. రిగ్గు పనివాళ్లు దాన్ని ఫోమ్ అంటారు. నురగ పుట్టించే సబ్బు లాంటివాటిని సర్ఫాక్టెంట్లు అంటారని నాకు తర్వాత ఒక కెమిస్ట్రీ లెక్చరర్ సార్ చెప్పినాడు. అంతవరకూ నాకు సబ్బంటే సబ్బే.

నా దగ్గర డబ్బాలు తీసుకపోయేవాళ్లలో తాడిపత్రి మాబు ఒకడు. ఎండిన బావిలోకి చిన్న రిగ్గును దింపి, బావి అడుగు నుంచే బోరు వేయడంలో చెయ్యి తిరిగిన డ్రిల్లరు. ఇన్‌వెల్ బోరు అంటారు దాన్ని. మనిషి సన్నంగా ఉంటాడు గానీ నోరు మాత్రం పెద్దది. ఒకరోజు ఖాళీ డబ్బా నా ముందర ఠంగుమని పెట్టి, "సరోజక్కా, నీ నురగకు నడుముల్లేవు. సగం దూరం వచ్చి కూలబడతాండాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా సబ్బును నా మొహం మీదే ఆ మాట అన్నోడు అంతకుముందు ఎవడూ లేడు. "నడుములు నేను పెడతా, నువ్వు తట్టుకుంటావేమో చూసుకో పో" అన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత ఏడ్చినానో నాకే తెలుసు.

నురగ నిలబడాలంటే జిగురు ఉండాల. బట్టల మీద అద్దకం వేసేవాళ్లు రంగు చిక్కబడేదానికి గోరుచిక్కుడు గింజల పొడి వాడతారు, గ్వార్ గమ్ అంటారు దాన్ని. పొడుగాటి గొలుసుల మాదిరి ఉండే ఇట్లాంటి పదార్థాన్ని పాలిమర్ అంటారంట. అది తెచ్చి నా సబ్బులో కలిపినాను. బుడగ గోడ గట్టిపడింది. ఇంగోటి గూడా చేసినాను. మా సబ్బుకు మూలసరుకు యాసిడ్ ఆయిల్. నూనె మిల్లుల్లో నూనె శుభ్రం చేసినాక మిగిలే నల్లటి జిడ్డు అది. దాంట్లో కాస్టిక్ సోడా పడితేనే సబ్బు అవుతాది. కాస్టిక్ ఎక్కువైతే చేతుల తోలు తింటాది. మాబు అరచేతులు బీటలు పడి ఉండేది నేను చూసినాను. పాపమని కాస్టిక్ తగ్గించినాను. తగ్గిస్తే జిడ్డులో కొంత సబ్బు కాకుండా అట్లే నిలిచిపోయింది. మా కొళాయి నీళ్లల్లో కలిపి చూస్తే నురగ అంతంతమాత్రంగా వచ్చింది. సరేలే అని సరుకును రెండింతలు చిక్కగా చేసినాను. ఆ చేసిందంతా మా షెడ్డులో, మా నీళ్లతో. బెళుగుప్ప పక్క భూమిలో ఎట్లాంటి నీళ్లు ఉంటాయో ఒక్క సీసా తెప్పించుకొని చూడాలనే బుద్ధి నాకు పుట్టలేదు.

నారాయణప్ప తోటలో పొద్దున ఏడు గంటలకు టెంకాయ కొట్టి, నిమ్మకాయలు కోసి పని మొదలుపెట్టినారు. బావి నలభై అడుగుల లోతు, గోడలకు రాతిమెట్లు. అడుగున మాబు, అతని తోడు పనోడు ఓబులేసు. ఓబులేసుకు నలభై ఏండ్లు ఉంటాయి, మాట తక్కువ మనిషి. కంప్రెసర్ బావి గట్టున. ఆ పక్క పద్ధతి ఏమంటే, బోరు దిగే రోజు చూసేదానికి ఎవరు వచ్చినా అన్నం తినకుండా పోగూడదు. నారాయణప్ప భార్య హనుమక్క యాభైమందికి సరిపడా వంట పెట్టుకోనింది. కానుగచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, పక్కన రెండు పెద్ద డేగిసాల్లో పులుసుకు పిసికిన చింతపండు రసం.

పదకొండు గంటలప్పుడు చెమ్మ తగిలింది. గట్టు మీద అందరూ లేచి నిలబడినారు. నారాయణప్ప చేతులు జోడించినాడు. కింద మాబు నా డబ్బాకు పంపు బిగించి నురగ నీళ్లు తోసినాడు.

అది పైకి వచ్చింది చూడండి, నా జన్మలో అంత తెల్లటిది నేను చూడలేదు. బోరు నోటి నుంచి మొగ్గలు మొగ్గలుగా వచ్చి బావి అడుగంతా పరచుకోనింది. రాతిముద్దలను బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకోని వస్తాండాది. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి తలూపుతాంటే నాకు చెప్పలేనంత గర్వంగా ఉండింది. మాబు పైకి చూసి బొటనవేలు చూపించినాడు.

అంతలో హేమర్ అసలు నీళ్లకు తగులుకోనింది. ఆ పక్క భూమి నీళ్లు చవుడు నీళ్లు, సోడా కలిపినట్ల ఉంటాయి. నేను తగ్గించిన కాస్టిక్ పనిని ఆ నీళ్లు చేసేసినాయి. సబ్బు గాకుండా మిగిలిన జిడ్డంతా భూమి లోపలనే సబ్బయిపోయింది. రెండింతల చిక్కన, దాంట్లో జిగురు. నురగ మోకాళ్లకు వచ్చింది, తొడలకు వచ్చింది. ఓబులేసు మెట్లెక్కి వచ్చేసినాడు. హేమర్ ఇరుక్కుంటే రిగ్గు పోతాదని మాబు పైపును పైకి లాగుతా నిలబడినాడు. "వచ్చేయప్పా, వచ్చేయ్" అని నారాయణప్ప అరిచినాడు. కంప్రెసర్ మోతలో ఎవరికి వినపడతాది. నురగ ఎదకు వచ్చింది. మాబు వంగి ఏదో తిప్పినాడు. మళ్లీ తల కనపడలేదు.

కంప్రెసర్ ఆపినారు. మామూలు నురగయితే గాలి ఆగినాక దిగిపోవాల. ఇది దిగలేదు. ఇద్దరు మనుషుల ఎత్తున తెల్లగా, కదలకుండా, గట్టిగా నిలబడుకోనింది. నేను పెట్టిన నడుములు అవి.

"మాబూ, మాబూ" అని అందరూ పిలిచినారు. పలుకు లేదు. పిలిచిన పిలుపు గూడా కిందికి పోయినట్ల అనిపించలేదు, ఆ తెల్లదనం మింగేసినట్ల ఉండింది. ఓబులేసు నడుముకు తాడు కట్టుకోని దిగినాడు. నురగలోకి రెండు మెట్లు పోయినాడో లేదో కాలు జారింది. పైకి లాగితే ముక్కులో నోట్లో నురగ, దగ్గు. "యాడుండాడో తెల్లేదు. కండ్లు తెరిసేదానికే కాలేదు" అన్నాడు. ఎవరో బిందెతో నీళ్లు పోసినారు. నీళ్లు తాకినచోట నురగ ఇంగా పొంగింది.

నేను గట్టు మీద కూలబడినాను. అప్పటికే ఇరవై ఏండ్లుగా సబ్బు చేస్తాన్న దాన్ని, సబ్బును చంపేది ఏంది అని నన్ను నేను అడుక్కుంటాన్నాను. మా నాయన మాట గుర్తొచ్చింది. మా షెడ్డులోకి చింతపండు రానిచ్చేవాడు గాదు. పులుసన్నం తిన్న చేత్తో సబ్బు తొట్టిని ముట్టుకుంటే వీపు విమానం మోత మోగించేవాడు. ఎవరో ఒకసారి పులుసు ఒలకబోస్తే తొట్టిలో సబ్బంతా విరిగి జిడ్డయిపోయిందంట. నేను అది ఏదో పట్టింపు అనుకుంటాంటిని.

లేచి పరిగెత్తినాను. "హనుమక్కా, ఆ డేగిసా ఎత్తు."

"ఏమమ్మా, మనిషి లోపల పడి చస్తాంటే నీకు పులుసు కావల్సొచ్చెనా?" అంది ఆమె. తప్పు ఆమెది గాదు.

"పులుసుతోనే బతికిస్తా, ఎత్తు" అన్నాను. నా మొహంలో ఏం కనపడిందో, ఆమె డేగిసాకు ఒక చెవి పట్టుకోనింది, నేను ఒక చెవి పట్టుకున్నాను. ఒకేచోట కుమ్మరిస్తే బొక్క పడి ఊరుకుంటాదని నాకు తెలుసు. సన్నటి చినుకులుగా పడాల. ఓబులేసు వేపమండలు విరిచినాడు. నలుగురం నాలుగు పక్కల నిలబడి, మండలు ముంచి ముంచి చిలకరించినాం.

చినుకు పడిన చోటల్లా చిటచిటమని సద్దు. తెల్లటి గోడ మీద గుంటలు పడినాయి. గుంటలు ఒకదాంట్లో ఒకటి కలిసినాయి. బావి నడిమధ్యన నురగ కుంగిపోతా వచ్చింది, మట్టిలో నీళ్లు ఇంకినట్ల. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ తొయ్యకుండా, అంత ఎత్తుది దానంతట అదే దారి విడిచింది. ఆ నురగను పుట్టించింది నేనే, అది అట్ల చస్తాదని నాకు తెలియదు. ఏదో పెద్దదాని ముందర నిలబడినట్ల అనిపించింది.

ముందు రిగ్గు కొన కనపడింది. తర్వాత నల్లటి జుట్టు. మాబు రిగ్గు స్తంభాన్ని ఒక చేత్తో కరుచుకోని నిలబడి ఉన్నాడు. ఇంగో చేత్తో తలగుడ్డను నాలుగు మడతలేసి ముక్కూ నోరూ మూసుకోని ఉన్నాడు. కండ్లు గట్టిగా మూసినాడు. ఎద ఎగిరెగిరి పడతాండాది. బతికే ఉండాడు.

పైకి తెచ్చి చల్లటి నీళ్లతో మొహం కడిగినాం. రెండుసార్లు కక్కుకున్నాడు. కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నురగంటే గాలే గదక్కా" అన్నాడు. "గుడ్డ పెట్టి మెల్లిగా పీలిస్తే బుడగలు గుడ్డలో పగిలి గాలి వస్తాండె. తొందరపడి పీలిస్తే సబ్బు వస్తాండె. కదిలితే పడతానని కదల్లేదు. మీరెవరూ నన్ను పిలవలేదేమి?"

"అందరమూ పిలిచినాం రా" అన్నాను. అతను నమ్మలేదు. లోపల చిన్న సద్దు గూడా వినపడలేదంట.

నన్ను చూసి, "నడుములు బాగున్యాయి" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినాను.

ఆ మధ్యాహ్నం నేను అన్నం ముట్టలేదు. బావి అడుగున చేరిన నీళ్లను ఒక సీసాలో పట్టించుకున్నాను. విరిగిన మజ్జిగ మాదిరి ఉన్నాయి, ఊపితే ఒక్క బుడగ రాలేదు. హనుమక్క దగ్గర బట్టల సోడా అడిగి చిటికెడు వేసి ఊపినాను. సీసా గొంతు దాకా తెల్లగా నురగ లేచి నిలబడింది. రెండు చుక్కల చింతపండు రసం వేసినాను. కూలిపోయింది. మళ్లీ సోడా, మళ్లీ లేచింది. అవే నీళ్లు. చచ్చింది అనుకున్నది చావలేదు, పిలిస్తే వస్తాండాది, పొమ్మంటే పోతాండాది. ఎన్నిసార్లు చేసినానో లెక్కలేదు. హనుమక్క పక్కన కూర్చోని, "ఏమమ్మా, దీనికి ప్రాణమేమన్నా ఉండాదా?" అని మెల్లిగా అడిగింది. ఉండాదనే అనిపించింది నాకు.

తర్వాత అనంతపురంలో ఆ కెమిస్ట్రీ సార్ దగ్గరికి ఆ సీసా తీసుకపోయినాను. ఆయన గూడా నా మాదిరే నాలుగుసార్లు ఊపి చూసుకున్నాడు. పులుపునూ చవుడునూ కొలిచే కొలతను పీహెచ్ అంటారని, ఏడు మధ్య అని, ఏడుకు కింద పులుపు, పైన చవుడు అని చెప్పినాడు. పులుపు తగిలితే సబ్బు మళ్లీ జిడ్డయిపోతాదంట, ఆ జిడ్డే బుడగ గోడలను చీలుస్తాదంట. చవుడు తగిలితే జిడ్డు సబ్బవుతాదంట. పాలిమర్, సర్ఫాక్టెంట్ కలిపి, చుట్టూ ఉన్న పీహెచ్‌ను బట్టి లేచి పడే నురగలను స్మార్ట్ ఫోమ్‌లని పిలుస్తారంట, వాటి మీద పెద్ద పెద్ద చోట్ల పరిశోధనలు చేస్తాన్నారంట. "మీరు తెలియకుండానే చేసినారమ్మా" అన్నాడు. తెలియకుండా చేసినందుకు ఒక మనిషి పోయేవాడు సార్ అన్నాను. ఆయన సీసా కింద పెట్టేసినాడు.

అది తర్వాతి మాట. బావి దగ్గర మరుసటి రోజు పొద్దున నారాయణప్ప, "చాలప్పా, నీ ప్రాణం దక్కింది, అదే పదివేలు. బోరు నాకొద్దు" అన్నాడు. చెట్ల పక్క చూడకుండా అన్నాడు ఆ మాట. మాబు ఒప్పుకోలేదు. నీళ్లు తగిలినాక ఆపి పోయే డ్రిల్లరు ఎవడూ ఉండడని, నురగకు ట్యాంకరు నీళ్లు గూడా ఇంగ అక్కర్లేదని, అడుగున పడి ఉన్న నీళ్లకే సోడా వేసి లేపి, పని అయినాక పులుపు వేసి పండబెట్టి, మళ్లీ అవే వాడుకోవచ్చునని చెప్పినాడు. రాత్రంతా నా సీసా గురించే ఆలోచన చేసినట్ల ఉండాడు. నీళ్లు లేని ఊర్లో ఆ మాట విలువ అందరికీ తెలిసింది.

అప్పుడు నా పక్క తిరిగినాడు. "ఒక్క షరతు. నువ్వు గూడా దిగల్ల అక్కా."

గట్టు మీద ఆడవాళ్లు గుసగుసలాడినారు. ఓబులేసు వద్దన్నాడు. నాకు వద్దనేదానికి మొహం లేదు. కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో సోడా డబ్బా, భుజాన చింతపండు రసం బిందె పెట్టుకోని, నలభై అడుగులు మెట్టు మెట్టు దిగినాను. అడుగు నుంచి చూస్తే ఆకాశం అన్నం తట్టంత ఉండాది. ఈసారి కొలత తగ్గించి, కొంచెం కొంచెంగా సోడా కలిపినాను. కంప్రెసర్ మొదలైంది. నురగ వచ్చి నా పాదాలను, మోకాళ్లను, నడుమును పట్టుకోనింది. వెచ్చగా ఉండాది. మెత్తగా ఉండాది. మాబు పనికి అంతే చాలు, సోడా కలిపేది నేను ఆపల్ల. ఆపలేదు.

"అక్కా, ఆపు" అన్నాడు.

ఎదకు వచ్చేదాకా ఉండి, అప్పుడు ఆపమని చెయ్యెత్తినాను. కంప్రెసర్ ఆగింది. కొంగును నాలుగు మడతలేసి మొహానికి పెట్టుకోని, కండ్లు మూసి, నురగలో కూర్చున్నాను.

గట్టు మీది మాటలు ఆగిపోయినాయి. గాలి సద్దు లేదు. నా గుండె ఒక్కటే వినపడతాండాది. మెల్లిగా పీలిస్తే గుడ్డలో బుడగలు పగిలి గాలి వచ్చింది. పదిసార్లు పీల్చుకున్నాను. పదకొండోసారికి భయమేసి తొందరపడినాను, సబ్బు వచ్చింది. నిన్న మాబు ఇట్లాంటి ఊపిర్లు ఎన్ని వందలు పీల్చినాడో, ఒక్కడే, ఎవరూ పిలవడం లేదనుకోని.

ఆ పొద్దు నుంచి ఏ ఊరు బోరుకైనా ఆ ఊరి నీళ్లు సీసాలో తెస్తేనే సరుకు కలిపినాను. తేనివాళ్లను తిట్టి పంపించినాను. పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే: నేను కలిపింది ఇంగొకరి ముక్కులోకి పోతాది.

నారాయణప్ప బోరులో ఒకటిన్నర ఇంచి నీళ్లు పడినాయి. తోటలో సగం చెట్లు నిలిచినాయి, సగం పోయినాయి.

ఆ నురగలో మాత్రం నేను ఇంగా కూర్చోనే ఉండేదాన్నేమో. బీటలు పడిన చెయ్యి ఒకటి వచ్చి నా రెక్క పట్టి పైకి లేపింది. నేను దగ్గుతా, కండ్లు తుడుచుకుంటా చూస్తే మాబు చింతపండు రసం బిందెలో మండ ముంచి నా చుట్టూ చిలకరిస్తాండాడు. నురగ నా నుంచి తొలిగిపోతాండాది.

"చాల్లే అక్కా" అన్నాడు. "ఇంగ అమ్ముకో పో."